పప్పు డబ్బా కింద పల్సార్

“కాయిదాలు నల్లవడ్డయి లతా. తీసి అవుతల పారెయ్యి. ఈసారి ప్లాస్టిక్ షీట్లు పరుద్దాం,” అంది మా అత్తమ్మ లసుమవ్వ, బూజు దులపడానికి తలకు కొంగు చుట్టుకుంటూ.

దసరా ఇంకా వారం ఉంది. ఏటా ఈ వారంలో మా వంటింటి డబ్బాలన్నీ కిందికి దిగుతాయి, కడిగించుకుంటాయి, ఎండుతాయి, మళ్లీ తమ తమ చోట్లకు ఎక్కుతాయి. దింపేది నేను, కడిగేది నేను, ఎక్కించేది నేను. ఏ డబ్బా ఎక్కడుండాలో చెప్పేది ఆమె. కందిపప్పు డబ్బా ఎత్తాను. దాని కింద కాగితం మీద తుప్పు రంగు వలయం పడి ఉంది. వలయం లోపలా బయటా సన్నటి నల్ల గీతలు, ఒకదాని కింద ఒకటి, రెండు వందలు. గీతల పక్కన పెన్సిలుతో నేను పెట్టిన చిన్న గుర్తులు. ప్రతి గుర్తు పక్కన తారీఖు. డబ్బా పట్టుకుని అలాగే నిలబడ్డాను. చేతులు నొప్పి పుట్టేదాకా నిలబడ్డానని తర్వాత తెలిసింది. ఈ మధ్య నా ఒంటి సంగతులు నాకు ఆలస్యంగా చేరుతున్నాయి.

“ఏందే, తేలు కనవడ్డదా?”

“ఏం లేదు అత్తమ్మా.”

“ఏం లేకపోతె పని కానియ్యి. పదకొండు గంటలకు వాడు దుకాణం కాడికి రమ్మన్నడు గద.”

వాడు అంటే రాజు, నా భర్త. జగిత్యాల కోర్టు ఎదురుగా అతనికి జిరాక్స్ దుకాణం ఉంది. అఫిడవిట్లు, దరఖాస్తులు, ఆన్‌లైన్ ఫారాలు, అన్నీ అక్కడే చేస్తాడు. నా కాగితం కూడా అతనే తయారుచేసి పెట్టాడు. నేను పోయి నోటరీ ముందు సంతకం చేస్తే అది సోమవారానికి హైదరాబాదులోని యూనివర్సిటీకి చేరాలి. అదే ఆఖరి తేదీ. చేరితే ఎనిమిదేళ్ల కింద ఆగిపోయిన నా పీహెచ్‌డీ మళ్లీ మొదలవుతుంది. చేరకపోతే ఇక లేదు. దాన్ని గ్యాప్ అఫిడవిట్ అంటారు. చదువు నడుమ పోయిన ఏళ్లకు ప్రమాణం చేసి చెప్పుకునే సంజాయిషీ.

ఈ కాగితాలు వంటింటి అరల్లోకి ఎలా వచ్చాయో చెప్పాలి. రెండు వేల పదిహేడు ఆగస్టులో నేను పరిశోధన మూడో ఏట ఉన్నాను. ఐదో నెల కడుపుతో ఉన్నాను. మంచం దిగొద్దని డాక్టరమ్మ చెప్పింది. “సదువు యాడికి పోతది. పిల్ల వుట్టినంక చూస్తువు తీయ్,” అన్నాడు రాజు, నా పుస్తకాలు, గీతల కాగితాలు అట్టపెట్టెలో సర్దుతూ. ఆ మాటలో చెడు ఏమీ లేదు. ఎంత ప్రేమగా సర్దాడంటే, పెన్సిలు ముక్కలు కూడా వదలలేదు. నేను కాన్పుకు మా అమ్మగారి ఊరు చందుర్తి పోయాను. ఇక్కడ ఇంటికి రంగులు వేయించారు. చంకలో ప్రణీతను పెట్టుకుని తిరిగి వచ్చేసరికి వంటింటి అరలు, బియ్యం గది, దేవుని అర్ర, అంతటా నా కాగితాలు పరిచి ఉన్నాయి. మొత్తం నలభై రెండు. “డిజైన్ మస్తున్నదని పరిచిన బిడ్డా. బజార్ల గిసొంటి పేపరు దొరుకది,” అని అత్తమ్మ మురిసిపోయింది. ఆమె ముఖం చూసి నేను కూడా నవ్వాను. మా ఇంట్లో ఎవరూ తప్పు చేయరు. అదే నాకు కష్టం. ఎవరైనా ఒక్కరు తప్పు చేసి ఉంటే నా కోపానికి నిలబడేందుకు కాస్త చోటు దొరికేది.

ఆ గీతలు ఒక చచ్చిన నక్షత్రం పలుకులు. సూర్యుని కంటే ఎక్కువ బరువుండి, జగిత్యాల నుంచి కోరుట్ల దాకా పరిస్తే సరిపోయే ముద్ద అది. పల్సార్ అంటారు. ఒకటింబావు సెకనుకు ఒకసారి గిర్రున తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ దాని రేడియో కిరణం మన మీదుగా పోతుంది, చీకట్లో ఎవరో టార్చిలైటు తిప్పుతున్నట్టు. పుణె దగ్గరి టెలిస్కోపు దాన్ని పట్టి పెట్టింది. ఒక తిరుగుడుకు ఒక గీత. గీత మీద మిట్ట లేచిందంటే అక్కడ పలుకు వచ్చిందని. ఆ మిట్టలు ఒక్క చోట నిలబడవు. ఒక్కో గీతకు కాస్త కాస్త ఎడమకు జరుగుతూ ఏటవాలుగా బారులు కడతాయి. దూరం నుంచి చూస్తే సిరిసిల్ల చీర మీద వాలు చారల్లా ఉంటాయి. అత్తమ్మ డిజైన్ అన్నది నిజమే.

ఎందుకు పలుకుతుంది అన్నదే నా చదువు. దాని ధ్రువం మీద విద్యుత్ రవ్వలు లేస్తాయి. ఒక్కో రవ్వ ప్లాస్మాను, అంటే విద్యుత్ కణాలను, ఒక మబ్బులా పైకి తోస్తుంది. ఆ మబ్బులో తొందర కణాలు ఉంటాయి, నెమ్మది కణాలు ఉంటాయి. కొన్ని వందల కిలోమీటర్లు పోయాక, వెనుక వచ్చే మబ్బులోని తొందర కణాలు ముందు పోయిన మబ్బులోని నెమ్మది కణాలను అందుకుంటాయి. అక్కడ ప్లాస్మా నిలకడ తప్పుతుంది. అలలు లేస్తాయి, కణాలు గుంపులు కడతాయి, ఒక్కో గుంపు ఒక్క గొంతుతో పలుకుతుంది. ఆ నిలకడ తప్పకపోతే మనకు వినిపించేది ఏమీ ఉండదు. ఇది మొదటిసారి అర్థమైన రోజు హాస్టల్ గదిలో తలుపు వేసుకుని ఏడ్చాను. ఎందుకో అప్పుడు తెలియలేదు. నిలకడగా ఉండే పిల్ల అని నన్ను అందరూ మెచ్చుకునేవారు, చిన్నప్పటి నుంచీ.

బారుల మధ్య అక్కడక్కడా తెల్లటి పట్టీలు ఉంటాయి. ఐదు తిరుగుళ్లు, పది, ఒక్కోసారి నలభై తిరుగుళ్లపాటు నక్షత్రం పలకదు. తర్వాత మళ్లీ మొదలుపెడుతుంది. “అవి పనికిరావు, తీసేసి మిగతావి సగటు కట్టు,” అన్నారు మా గైడ్ సార్ మొదటి ఏడే. వేల గీతలు ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తే నున్నటి ఆకారం ఒకటి వస్తుంది. ఏళ్లు గడిచినా అది మారదు. నక్షత్రం ముఖం లాంటిది అంటారు. నాకు ఆ ముఖం మీద నమ్మకం కుదరలేదు, ఎందుకంటే విడి గీత ఒక్కటి కూడా దానిలా ఉండదు. పెళ్లైన పన్నెండేళ్లలో రాజు నాతో అన్న మాటలన్నీ అలా పేరిస్తే చివరికి ‘చాయ్ పెట్టు’ అన్నదొక్కటే తేలుతుంది. కానీ వేరే మాటలు కూడా అన్నాడు. ప్రణీత పుట్టినప్పుడు ఒకటి అన్నాడు. అది సగటులో ఎక్కడో కలిసిపోయింది. నేను అన్నవీ అంతే.

మొదటి గుర్తు పెట్టింది ఉప్పు డబ్బా కింద, ఇరవై ఒకటి మూడు రెండు వేల పద్దెనిమిది. పాలు పొంగే లోపల ఊరికే చూస్తున్నాను. తెల్ల పట్టీకి పైన బారు ఎక్కడ ఆగిందో, కింద ఎక్కడ మొదలైందో చూసి రెండు చుక్కలు పెట్టాను. పక్కన తారీఖు వేశాను. అది సిరిసిల్లలో డిగ్రీ చదివేటప్పటి అలవాటు. కొలిచింది ఏదైనా తారీఖు లేకపోతే కొలిచినట్టే కాదని మా ల్యాబ్ మేడం కొట్టినంత పని చేసేది. మర్నాడు ఇంకొకటి పెట్టాను. తర్వాత చింతపండు డబ్బా, బెల్లం డబ్బా. కూర మగ్గేటప్పుడు, అన్నం వార్చేటప్పుడు, అంటే రోజుకు ఐదు నిమిషాలు, పది నిమిషాలు. దేవుని అర్రలో కాగితం మీద గుర్తు పెట్టాలంటే స్నానం చేసి పోవాలి కాబట్టి అది పొద్దున్నే. ప్రణీత స్కేలు పట్టుకుని నిలబడితే అత్తమ్మ చూసి, “తల్లీబిడ్డ సెల్పులు కొలుస్తున్నరు, మేస్త్రి పని నేర్సుకుంటున్నరేమో,” అని నవ్వేది. రాజు ఒకసారి అడిగాడు. “గా పిచ్చి గీతలేంది?” “ఊకెనే,” అన్నాను. ఆ మాట ఎందుకన్నానో నాకు ఇప్పటికీ తెలియదు. బహుశా పని అని చెబితే, ఎవరికి చేస్తున్నావు, ఎంత వస్తుంది అని అడుగుతారని. ఊరికే చేస్తున్నాను అంటే వదిలేస్తారు.

మధ్యలో రెండు ఎండాకాలాలు దుకాణంలో కూడా కూర్చున్నాను. ఆపరేటర్ మానేస్తే కంప్యూటర్ ముందు ఎవరూ లేరు. “నీకు టైంపాస్ అయితది, ఇంట్ల కూసుండి ఏం చేస్తవ్,” అన్నాడు రాజు. ఒళ్లో ప్రణీతను పడుకోబెట్టుకుని దరఖాస్తులు టైపు చేశాను. సాయంత్రం వచ్చి వంట చేశాను. ఆ రెండు ఎండాకాలాలనూ మా ఇంట్లో ఎవరూ పని కింద లెక్కపెట్టలేదు. నిజం చెప్పాలంటే నేను కూడా లెక్కపెట్టలేదు.

అలసట వచ్చినప్పుడు మా బాపు గుర్తొచ్చేవాడు. బాపు వెంకటేశం తాళ్లు గీసేవాడు, అంటే తాటిచెట్లకు కల్లు గీసేవాడు. కొన్ని చెట్లు నడుమ నడుమ పారడం మానేస్తాయి. చెట్టుకు కట్టిన లొట్టిలో చుక్క కల్లు పడదు. అయినా బాపు పొద్దున, సాయంత్రం నడుముకు మోకు తాడు వేసుకుని ఆ చెట్టు కూడా ఎక్కేవాడు, గెల చివర సన్నటి పొర గీసి దిగేవాడు. గీయడం ఆపితే కోసిన చోటు ఎండిపోతుంది, ఇక ఆ చెట్టు ఆ ఏడు పారదు. “ఒట్టి లొట్టి కోసం గంత ఎత్తు ఎందుకెక్కుతవే బాపు?” అని చిన్నప్పుడు అడిగితే, “పారుడు దాని పని బిడ్డా, ఎక్కుడు నా పని. ఎవల పని వాళ్లది,” అని కాళ్లకు పసుపు రాసుకుంటూ నవ్వేవాడు.

నాలుగు వందల పదహారు తెల్ల పట్టీలు కొలిచాను. ఐదేళ్లు పట్టింది. కందిపప్పు డబ్బా కింది కాగితం దగ్గర అది కనబడింది. ఇరవై మూడు తిరుగుళ్ల పట్టీ ఒకటి ఉంది అక్కడ. బారు ఆగిన చోటే మళ్లీ మొదలుకాలేదు, కొత్తగా ఎక్కడో కూడా మొదలుకాలేదు. ఆగిన చోటికి కాస్త ఎడమగా మొదలైంది. స్కేలు పెట్టి చూశాను. చిన్న పట్టీ తర్వాత కొంచెమే జరుగుతోంది, పెద్ద పట్టీ తర్వాత ఎక్కువ జరుగుతోంది. అన్ని కాగితాల్లోనూ అంతే. అంటే పలకని ఆ సమయమంతా రవ్వలు లేస్తూనే ఉన్నాయి, తమ బాటలో నడుస్తూనే ఉన్నాయి, కాకపోతే నెమ్మదిగా. మబ్బులు ఒకదాన్నొకటి అందుకోలేదు, అందుకే మనకు వినబడలేదు. నేను పొయ్యి కట్టేసి గట్టు పట్టుకుని కింద కూర్చున్నాను. అత్తమ్మ వచ్చి, “కండ్లు తిరిగినయా? ఏమన్న విశేషమా?” అని అడిగింది. విశేషమే, కానీ ఆమె అడిగింది వేరేది.

రెండు వేల ఇరవై మూడులో ప్రణీత బడికి అలవాటు పడ్డాక కోరుట్లలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చేరాను. ఫిజిక్స్ చెబుతాను. ఫంక్షన్ వస్తే పూలు, ముగ్గులు, జ్యోతి వెలిగించే పళ్లెం కూడా నేనే. “లేడీస్ స్టాఫ్ మీరొక్కరే కదా మేడం,” అంటారు ప్రిన్సిపాల్ సార్, అది గౌరవం అన్నట్టు. కొలతలన్నీ ఒక నోటు పుస్తకంలోకి ఎక్కించి గైడ్ సార్‌కు పంపాను. ఆయన సంతోషించారు. మళ్లీ చేర్చుకోవడానికి కమిటీతో మాట్లాడారు. రెండు వేల ఇరవై మూడు నుంచి ఉద్యోగం సర్టిఫికెట్ ఉంది కాబట్టి, అంతకు ముందు ఆరేళ్లకు మాత్రం గ్యాప్ అఫిడవిట్ తెమ్మన్నారు.

నిన్న సాయంత్రం కోరుట్ల నుంచి వచ్చే బస్సులో ఉండగా సార్ ఫోన్ చేశారు. “శ్రీలతా, నువ్వు పంపినవి మా స్టూడెంట్ ఒకతను సాఫ్ట్‌వేర్‌తో మళ్లీ చేశాడు. సరిగ్గా సరిపోయాయి. పేపర్ పంపిస్తున్నాం. అతని పేరు ముందు ఉంటుంది, నీది మూడోది.”

“సార్, ముందు కొలిచింది నేను కదా.”

“ఎప్పుడు కొలిచావని రాయాలి? ఆ ఆరేళ్లలో ఏమీ చేయలేదని నువ్వే అఫిడవిట్ ఇస్తున్నావు. దాంతో పొంతన ఉండాలి కదా. నీకు డిగ్రీ వస్తుంది. అది చూసుకో.”

బస్సులో నిలబడి ఉన్నాను. ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో పైన కమ్మీ. సరే సార్ అన్నాను. అలసిపోయినప్పుడు నా నోటి నుంచి ముందుగా వచ్చే మాట అదే.

అందుకే ఈ పొద్దున డబ్బాలు దించుతూ, సంతకం చేసి వచ్చేద్దాం అనుకున్నాను. తారీఖులు ఉన్నది ఈ కాగితాల మీద మాత్రమే. పోతే పోనీ. నాకు ఒక డిగ్రీ కావాలి, కాస్త నిద్ర కావాలి.

“పారెయ్యకుండ్రి అత్తమ్మా, నేనచ్చినంక చూస్త,” అన్నాను, చీర మార్చుకుని గడప దిగుతూ. ఆ మాట కూడా గట్టిగా అనలేదు.

“చూసేటందుకేమున్నది దాంట్ల? పండుగ ముంగట ఇంట్ల కసువు వెట్టుకుంటమా?”

దుకాణం దగ్గర రద్దీగా ఉంది. పింఛను కోసం వేలిముద్ర వేయడానికి వచ్చిన లచ్చయ్య తాత బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. “అగో, అమ్మ అచ్చింది. ఈ అమ్మ కూసున్నప్పుడు మా పని దప్పున అయితుండె. ఈ రాజు ఉన్నడు చూడు, వీనికి నా వేలు దొరుకక పొద్దటి సంది నూనె రాసుకో, సబ్బు పెట్టుకో అంటున్నడు.”

“నీ వేలు అరిగిపోయింది తాతా, నేనేం జేత్తు,” అన్నాడు రాజు. తర్వాత నాతో, “ఇగో, అయింది నీది. చూసుకో. నోటరీ సారు ఒంటిగంటకు లేస్తడు,” అని కాగితం నా ముందు పెట్టాడు.

చదివాను. ‘నేను, శ్రీలత, భర్త రాజు, వయస్సు 37 సంవత్సరములు, వృత్తి గృహిణి, ప్రమాణపూర్వకముగా తెలియజేయునది ఏమనగా: 2017 ఆగస్టు నుండి 2023 జూన్ వరకు నేను ఇంటి వద్దనే ఉంటిని. సదరు కాలములో ఎటువంటి చదువు గానీ, ఉద్యోగము గానీ, పని గానీ చేయలేదు.’

“ఏ పని చేయలేదని ఉన్నది,” అన్నాను.

“గది మోడల్. అందరికి గట్లనే ఉంటది.”

“నేను చేసిన గద.”

“ఏం చేసినవ్?” అన్నాడు. నిజంగానే అడిగాడు, ఎగతాళి లేదు ఆ గొంతులో. అదే నన్ను కదిలించింది. అతనికి నిజంగానే తెలియదు. తెల్ల పట్టీని చూసి సగటు కట్టేవాళ్లకు దాని కింద ఏం నడుస్తోందో తెలియనట్టే. “లతా, వాళ్లకు ఒక ఫార్మాట్ కావాలె, మనం ఇస్తున్నం. పేరుకు రాసుడు. దీనికి గింత ఆలోచననా?”

పేరుకు రాసుడే. కానీ కింద ప్రమాణం చేయాల్సింది నేను. అంతకు ముందు ఎన్ని అబద్ధాలకు సరే అన్నానో నాకు తెలుసు. ఇది వాటికంటే పెద్దదేం కాదు. అయినా పెన్ను అక్కడ ఆగింది. అది ధైర్యం అనుకోను. మూట మోసుకుంటూ పోయే మనిషి మీద ఇంకో చిన్న కాగితం పెడితే, ఇక చాలని కింద కూలబడుతుంది చూడండి, అలాంటిది.

“ఇప్పుడే అస్త,” అని లేచాను.

“యాడికి? సారు లేస్తడంటే!”

ఆటో మాట్లాడుకుని ఇంటికి వచ్చాను. వంటింటి అరలు బోసిగా ఉన్నాయి. పూల బొమ్మల ప్లాస్టిక్ షీట్లు చుట్టలుగా గట్టు మీద ఉన్నాయి. చెత్తబుట్ట చూశాను, నీళ్ల పొయ్యి చూశాను, వీధిలోకి పోయి చూశాను. పెరట్లో అత్తమ్మ కూర్చుని ఉంది. బతుకమ్మకు తెచ్చిన తంగేడు, గునుగు కుప్పలు పోసి, కాడలు కోస్తోంది. పూల కింద పరిచినవి నా కాగితాలు. నలభై రెండు.

“పారేస్తనని పారేస్తనా? మంచి గట్టి కాయిదాలు,” అంది తలెత్తకుండా. తర్వాత ఒక దాని మీద వేలు పెట్టింది. ఆమెకు అక్షరాలు రావు, అంకెలు వస్తాయి. “గీ తారీఖు చూడు. ఆరు, పదకొండు, ఇరవై. నా కన్ను ఆపరేషన్ దినం. కరీంనగర్ల ఉంటిమి. నువ్వు పొద్దుగాల ఇంటికచ్చి నాకు పత్తెం వండుకచ్చినవ్. మరి గిది ఎప్పుడు రాసినవే?”

“కుక్కర్ మూడు విజిల్లు అచ్చే లోపట.”

ఆమె ఇంకో కాగితం మీది పూలు పక్కకు జరిపింది. ఇంకో తారీఖు చూసింది. ఇంకొకటి. ఆ తారీఖుల్లో ఏ రోజు ఏమైందో ఆమెకు గుర్తుకు వస్తున్నట్టుంది. బియ్యానికి పురుగు పట్టిన రోజు, ప్రణీతకు జ్వరం వచ్చిన వారం, మా మామయ్య పెద్దకర్మకు ముందు దినాలు. ఆమె పెదవులు లెక్కపెడుతూ కదిలాయి.

“సదువుకునేటోళ్లు బల్ల ముంగట కూసుంటరనుకున్న,” అంది చివరికి. అంతే. పూలన్నీ తన పాత చీర మీదికి ఎత్తిపోసుకుని కాగితాలు దులిపి నాకిచ్చింది. “నాలుగు గంటలకు మల్ల రా, బతుకమ్మ వేర్చాలె,” అని కూడా అంది.

మళ్లీ దుకాణానికి పోయేసరికి పన్నెండూ ఇరవై. రాజు నా చేతిలో చుట్ట చూసి ఏదో అనబోయాడు. నేను కంప్యూటర్ ముందున్న కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆ కుర్చీ ఎత్తు ఇంకా నాకు సరిపోయేటట్టే ఉంది. నా కాగితం ఎక్కడ దాచాడో వెతికాను. ఒక ఫైలు తెరిచి ఉంది. పైన దాని పేరు: గ్యాప్ మోడల్, పన్నెండు ఆరు రెండు వేల పంతొమ్మిది.

ఫైలు పేరు పక్కన తారీఖు వేసేవాళ్లు ఈ దుకాణంలో ఇంకెవరూ లేరు. రాజు వేయడు. అతని ఫైళ్లన్నిటి పేర్లూ న్యూ ఒకటి, న్యూ రెండు, న్యూ ముప్పై. జూన్ పన్నెండు. కాలేజీలు తెరిచే రోజులు. గ్యాప్ అఫిడవిట్ కోసం వచ్చిన పిల్లలు బయట ఎండలో వరుస కట్టారు. ప్రణీత నా ఒళ్లో చెమటతో నిద్రపోతోంది, నా ఎడమ చేయి తిమ్మిరెక్కింది, కుడి చేత్తో ఒక్కో అక్షరం కొట్టాను. ఎటువంటి చదువు గానీ, ఉద్యోగము గానీ, పని గానీ చేయలేదు. వాక్యం బాగా కుదిరిందని అప్పుడు నాకే అనిపించింది కూడా. ఆరేళ్లుగా ఎంతమంది దాని కింద సంతకం చేసి పోయారో.

రాసినదంతా తుడిచేసి కొత్తగా టైపు చేయడం మొదలుపెట్టాను. రాజు నా భుజం మీదుగా చదువుతున్నాడు. అతని ఊపిరి చెవికి తగులుతోంది.

“గిట్ల రాస్తే రిజెక్ట్ చేస్తరు లతా. రిజిస్ట్రేషన్ లేకుంట ఆరేండ్లు ఎట్ల పనిచేసినవంటరు. ఉన్నది గూడ పోతది.”

“పోతె పోనియ్యండి.”

“మీ సార్ కోపానికస్తడు.”

“రానియ్యండి.”

“గింత చదువు ఒక్క లైను కోసం పాడు చేసుకుంటవా?”

కాగితాల చుట్ట అతని చేతికిచ్చాను. అతను దాన్ని విప్పి, మొదటి కాగితం మీద తుప్పు వలయం, పసుపు మరక, నా చుక్కలు, తారీఖులు చాలాసేపు చూశాడు. లచ్చయ్య తాత బల్ల మీద నుంచి మెడ చాచి, “ఏం ముగ్గులురా అవి?” అన్నాడు. రాజు మిషన్ మూత ఎత్తాడు.

“ఎన్ని కాపీలు?” అన్నాడు, వచ్చినవాళ్లందరినీ అడిగినట్టే.

“మూడు.”

జిరాక్సులో పసుపు మరకలు నల్లగా పడ్డాయి. పెన్సిలు అంకెలు పలచగా, కానీ చదివేటట్టుగా వచ్చాయి. నోటరీ సారు అప్పటికే సంచి సర్దుకుంటున్నాడు. ముసలాయన. రోజుకు యాభై కాగితాల మీద చూడకుండా ముద్ర వేస్తాడని పేరు. నా కాగితాల బరువు చూసి విసుగ్గా కళ్లజోడు పెట్టుకున్నాడు. “గ్యాప్ అఫిడవిట్‌కు గిన్ని జతలేందమ్మా?” అంటూ చూపుడు వేలు పెట్టి ఒక్కో పంక్తి గొణుగుతూ చదివాడు. వృత్తి, అధ్యాపకురాలు, పరిశోధకురాలు. ఒకటి, సదరు కాలములో నేను ఇంటి పనులు, భర్త దుకాణములో టైపు పని జీతము లేకుండా చేసితిని. రెండు, సదరు కాలములోనే ఒక పల్సార్ తాలూకు నాలుగు వందల పదహారు మౌనములను చేతితో కొలిచితిని. మూడు, కొలిచిన తారీఖులు గల నలభై రెండు కాగితముల నకళ్లు ఇందుకు జతచేయడమైనది.

నాలుగో దాని దగ్గర ఆయన వేలు ఆగింది. కళ్లజోడు పైకి తోసుకుని నన్ను చూశాడు, నా వెనుక గుమ్మంలో నిలబడిన రాజును చూశాడు, మళ్లీ మొదటి నుంచి, ఈసారి అందరికీ వినబడేటట్టు చదివాడు.

“నాలుగు, ‘ఎటువంటి పని గానీ చేయలేదు’ అని ఈ దుకాణములో అందరూ సంతకము చేయుచున్న నమూనా పత్రము కూడా సదరు కాలములో నేను చేసిన పనియే.”